కంపసహిత సంతకం

తూములవారిపేట ఏరియా ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు బీరువా తాళంచెవి ఇరవై ఏడేళ్ళుగా హెడ్ నర్సు సువార్తమ్మ కోటు జేబులోనే ఉంది. ఆ బీరువాలోంచి ఒక్క మాత్ర కూడా ఏనాడూ దారి తప్పలేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిదల్లా రాజధానిలో కూర్చున్న పెద్దాఫీసుకే.

ఎక్కడో ఇంకో జిల్లాలో ఎవరో మహానుభావుడు చనిపోయిన రోగుల పేరుమీద నిద్రమాత్రలు రాసుకుని బజార్లో అమ్ముకున్నాడట. అతగాణ్ణి పట్టుకుని లోపలేస్తే సరిపోయేది. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం మన ఆఫీసులకు చిన్నప్పటినుంచీ అలవాటు. అన్ని ఆసుపత్రులకూ సర్క్యులర్ వచ్చింది. 'మత్తు కలిగించు ఔషధముల వినియోగమునందు పారదర్శకతను పెంపొందించుట గురించి' అని దాని పేరు. పద్నాలుగు పేజీలు. సారాంశం మాత్రం రెండే ముక్కలు. మత్తు కలిగించే మందు ఏదిచ్చినా, ఇచ్చే ప్రతిసారీ రోగి ముందుగా సంతకం పెట్టాలి. ఆ సంతకం అతని బ్యాంకు పాసుపుస్తకంలోని సంతకంతో సరిపోలాలి. సరిపోలిందని తేల్చడానికి ఆసుపత్రికొక సంతకాల పరిశీలనాధికారి.

తూములవారిపేటకు విశ్వపతిరావు వచ్చాడు. ట్రెజరీలో పెన్షన్ల సెక్షన్లో జుట్టు తెల్లబడ్డ మనిషి. సంతకం చూసి పెన్షనరు ఉన్నాడో పోయాడో చెప్పేయగలడని పేరు. ఒకసారి బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, సంతకం తేడాగా ఉంది కనక తమరు పోయారని ఒప్పించి పంపించాడని కూడా అంటారు. చెడ్డవాడు కాదు పాపం. శనివారాలు వార్డులో రోగులకి బత్తాయిలు పంచేవాడు. సంతకం తీసుకునే పంచేవాడనుకోండి.

మొదటి వారం బండి సాఫీగానే నడిచింది. నిద్రపట్టని రిటైర్డ్ మాస్టారొకాయన రోజూ ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టి మాత్ర మింగేవాడు. విశ్వపతిరావు భూతద్దంలోంచి చూసి, "దివ్యంగా సరిపోలినది" అని మురిసిపోయేవాడు. రెండో వారం సోమవారం పొద్దున తొమ్మిదింటికి తాతాజీని ఆటోలో తీసుకొచ్చారు.

తాతాజీ అంటే ముసలివాడనుకునేరు. నలభై నాలుగేళ్ళవాడు. బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో కిరాణా కొట్టు మొదలు తాసిల్దారు ఆఫీసు దాకా ఏ బోర్డు చూసినా కింద మూలన 'తాతాజీ ఆర్ట్స్' అని వయ్యారంగా ఉంటుంది. ఆసుపత్రి గోడమీద 'నిశ్శబ్దము పాటించుడి' అన్నదీ ఆయన చేతిరాతే. ఫ్లెక్సీలొచ్చి అందరి కుంచెలూ మూలపడ్డా ఆయన కుంచె మాత్రం ఆడుతూనే ఉంది. కాకపోతే పొద్దున్నే ఒక క్వార్టరు పడితేగానీ ఆ కుంచె నిలబడేది కాదు. అది పదిహేనేళ్ళ భాగోతం.

మొన్న శనివారం ఆడపిల్లల బడి గోడమీద పేరు రాస్తే, అక్షరాలన్నీ కాలవగట్టు దిగుతున్న మేకల్లా ఒకవైపు జారిపోయాయి. హెడ్మిస్ట్రెస్ ఏమీ అనలేదు. తాతాజీయే కిందకి దిగి చూసుకుని, సిగ్గుతో చచ్చిపోయి, గోడంతా తుడిచేసి ఇంటికెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి చుక్క ముట్టలేదు. మానడం మంచిదే. కానీ అన్నేళ్ళు తాగినవాడు డాక్టరు దగ్గరికి పోకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందని ఆయనకెవరూ చెప్పలేదు.

మంచం మీద పడుకోబెట్టేసరికి ఒళ్ళంతా చెమట. చేతులు వేటి దారిన అవి ఎగురుతున్నాయి. దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటీ ఏరి పక్కన పెడుతున్నాడు. భార్య లోవతల్లి ఆ చేతుల్ని పట్టుకోలేక పట్టుకుంటోంది.

డ్యూటీ డాక్టరు హిమజ చిన్నమ్మాయే అయినా చెయ్యి తిరిగిన పిల్ల. వణుకూ, చెమటా, నాడీ, భ్రమా అన్నీ చూసి మార్కులేసింది.

"స్కోరు ఇరవై ఎనిమిది సిస్టర్. ముందు బి వన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజు. లోరాజిపామ్ ఇప్పుడే నరానికి ఇచ్చెయ్యండి. గంటగంటకీ స్కోరు చూసుకుంటూ మళ్ళీ ఇద్దాం. ఆలస్యమైతే ఫిట్సొస్తాయి."

సువార్తమ్మ బి వన్ ఇచ్చి, మత్తుమందు సూదికోసం తాళంచెవి తీసేలోపలే విశ్వపతిరావు రిజిస్టరు పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. తాతాజీ చేతికి పెన్నిచ్చారు. పెన్ను కాగితం మీద చిందులు తొక్కి, గీత దాటి, రిజిస్టరు దాటి, విశ్వపతిరావు చొక్కా మీద ఆగింది. ఆయన భూతద్దం పెట్టి రిజిస్టరు చూశాడు, పాసుపుస్తకం చూశాడు.

"సరిపోలలేదు."

"చెయ్యి వణుకుతోంది కదండీ" అంది సువార్తమ్మ.

"వణుకు తగ్గిన పిమ్మట ప్రయత్నించవచ్చును."

"వణుకు తగ్గడానికే కదండీ సూది."

"సూది కొరకే కదమ్మా సంతకం."

"పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్నారట, అలాగుంది మీ వరస" అంది సువార్తమ్మ. "పోనీ, వేలిముద్ర వేయిస్తానండి."

"అక్షరాస్యులు వేలిముద్ర వేయరాదు. పేజీ ఆరు. నిరక్షరాస్యుడని తాసిల్దారు వారి ధ్రువపత్రము తెచ్చుకొనినచో అభ్యంతరము లేదు."

"తాసిల్దారు ఆఫీసు బోర్డు రాసిందే ఈయన."

"అందువలన ధ్రువపత్రము కొంత కష్టతరము కావచ్చును" అని ఆయన సానుభూతి చూపించాడు.

భార్యతో పెట్టిస్తామంటే, భార్యకు అధికారమిస్తున్నట్టు రోగి సంతకం కావాలన్నాడు. డాక్టర్ హిమజ సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది. సూపరింటెండెంటు కుమారస్వామి పదకొండేళ్ళలో ఒక్క నిర్ణయమూ తీసుకోకుండా, ఒక్క మెమో కూడా పడకుండా నెట్టుకొచ్చిన పెద్దమనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రూల్సు అనుమతించినంత మేరకు మానవతా దృక్పథంతో వ్యవహరించండి" అని చెప్పి, ఎందుకైనా మంచిదని తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఈలోగా విశ్వపతిరావు పదకొండో పేజీ తిప్పాడు. మొహం విప్పారింది.

"ఇదిగో, మార్గమున్నది. స్పృహ కోల్పోయిన రోగులకు సంతకము నుండి మినహాయింపు. ఫిట్సు వచ్చినచో స్పృహ పోవును గదా. కొద్దిసేపు నిరీక్షించెదము." స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాడు.

సువార్తమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఫిట్సు రాకుండా ఉండటానికండి ఆ సూది."

"వచ్చిన తరువాత, రాకుండా ఇవ్వవచ్చును."

లోవతల్లికి ఈ భాష అర్థం కాలేదు గానీ స్టూలు అర్థమైంది. ఆ మనిషి దేనికోసం కూర్చున్నాడో తెలిసి, సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మగారూ, ఆ చెయ్యే మా నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయే దారండి. మనిషిని బతికించండి."

కోప్పడితే పని జరిగే చోటు కాదని సువార్తమ్మకు ఇరవై ఏడేళ్ళ కిందటే తెలుసు. సర్క్యులరు అడిగి తీసుకుని గబగబా తిప్పింది. పన్నెండో పేజీ అడుగున ఒక చిన్న పేరా ఉంది. వయోభారం, ప్రమాదం వగైరా కారణాలవల్ల సంతకం మారిపోయినవాళ్ళు ఆరో నంబరు ఫారం మీద కొత్త నమూనా సంతకం ఇవ్వవచ్చు.

"విశ్వపతిరావుగారూ, ఈ ఆరో నంబరు ఫారం ఇప్పటిదాకా రాష్ట్రంలో ఎవరైనా వాడారాండి?"

ఆయన కళ్ళు మెరిశాయి. "లేదమ్మా. మనదే ప్రథమమగును."

ఇంక ఆగుతాడా. స్టూలు తన్నుకుంటూ లేచి ఫారం తెచ్చాడు. తాతాజీ మూడుచోట్ల వణుకుతూ గీశాడు. భూతద్దం మూడింటిమీదా తిరిగి దిగాలుపడిపోయింది.

"ఈ మూడును పరస్పరము సరిపోలుట లేదు."

"మూడిట్లోనూ వణుకుందా లేదాండి?"

"ఉన్నది."

"సమానంగా ఉందా?"

ఆయన మళ్ళీ చూశాడు. "ఇంచుమించు."

"అయితే అది సాదా సంతకం కాదండి. వణుకుతో కూడిన సంతకం. వణుకు సరిపోతే సంతకం సరిపోయినట్టే."

విశ్వపతిరావు కాసేపు ఆలోచించి, అందులో ఉన్న అందాన్ని గ్రహించి, మొదటి గీతను అసలు నమూనాగా ఎంచి, దానిమీద తన స్వహస్తాలతో 'కంపసహిత నమూనా' అని రాసి, ముద్ర కొట్టాడు. అప్పటికి పదకొండుంపావు. సువార్తమ్మ సూది మందు నరంలోకి మెల్లమెల్లగా ఎక్కించింది. దేవుడా, ఈ పన్నెండో పేజీ రాసిన గుమాస్తా పిల్లాపాపలతో చల్లగా ఉండాలి అనుకుంది మనసులో.

గంటకి స్కోరు ఇరవై రెండుకు దిగింది. ఇంకో డోసు. మధ్యాహ్నానికి పదిహేడు. చీమలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. తాతాజీ కళ్ళు మూతలు పడ్డాయి.

"చెయ్యి వస్తాదా అమ్మగారూ?" అనడిగింది లోవతల్లి.

"ముందు మనిషిని రానీ. చెయ్యి ఆయన వెనకాలే వస్తుంది."

మర్నాటినుంచి ఇంకో చిక్కు. వైద్యం పనిచేస్తున్నకొద్దీ వణుకు తగ్గుతోంది, వణుకు తగ్గినకొద్దీ సంతకం బాగుపడుతోంది, బాగుపడినకొద్దీ నమూనాతో సరిపోలడం మానేస్తోంది. డోసులు ఒక్కసారిగా ఆపకూడదు, మెట్లు దిగినట్టు తగ్గించాలి. సువార్తమ్మ ఏం చేసేదంటే, తాతాజీ సంతకం పెట్టే సమయానికి మంచం పక్కన నిలబడి, మొహంలో ఏ భావమూ లేకుండా మంచంకోడును మోకాలితో కదిపేది. విశ్వపతిరావు చూసి, "కంపము సంతృప్తికరముగా నున్నది" అని రాసుకునేవాడు. అలా ఆమె మోకాలు వాచింది గానీ తాతాజీకి ఒక్క డోసూ తప్పలేదు.

ఆరో రోజుకి మందుల అవసరం తీరింది. తాతాజీ తెల్లటి మొహంతో లేచి కూర్చుని, చేతులు చాపి, వేళ్ళు విడదీసి చూసుకున్నాడు. ఒక్కటీ కదల్లేదు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు, చేతులు దించాల్సి వస్తుందని.

డిశ్చార్జి రిజిస్టరు తెచ్చారు. వెళ్ళేటప్పుడు పెట్టే సంతకం కూడా నమూనాతో సరిపోలాలట. తాతాజీ పదిహేనేళ్ళ తర్వాత తాగకుండా పెట్టిన మొదటి సంతకం అది. కొమ్ములూ, దీర్ఘాలూ గుళ్ళో కోలాటంలా ఒద్దికగా వచ్చాయి. సువార్తమ్మ మోకాలిని సాయం అడగడం మర్చిపోయింది.

"సరిపోలలేదు" అన్నాడు విశ్వపతిరావు.

"బాగైపోయాడు కదండీ" అంది ఆమె.

"బాగైన సంగతి వైద్యులకు సంబంధించినది. చేరిన వ్యక్తి సంతకమునందు కంపమున్నది. వెళ్ళుచున్న వ్యక్తి సంతకమునందు లేదు. కనుక ఇరువురు ఒకరు కారు."

"మళ్ళీ కొత్త నమూనా తీసుకోండి."

"సంవత్సరమునకు ఒక్కసారే."

"అయ్యా, నేనేనండి ఆయన్ని" అన్నాడు తాతాజీ.

"ఆ మాట మీరు వణుకుచు చెప్పవలెను."

విషయం సూపరింటెండెంటు దాకా వెళ్ళింది. కుమారస్వామిగారికి ఒకే ఒక్క సందేహం తట్టింది, కానీ అది చాలా పెద్దది. "మరి చేరిన రోగి ఎక్కడ?" ఆసుపత్రిలో రోగి తప్పిపోతే మెమో ఖాయం. పోలీసులకు ఉత్తరం తయారైంది. 'కనబడుట లేదు. వయస్సు నలభై నాలుగు. ఆనవాలు: వణుకు.' అదే చేత్తో తాతాజీకీ ఒక నోటీసు ఇచ్చారు. అడ్మిషను లేకుండా పన్నెండో నంబరు మంచాన్ని ఆక్రమించుకున్నందుకు సంజాయిషీ చెప్పాలి. మంచం దిగి పోతానంటే పోనివ్వరు, డిశ్చార్జి లేదు కదా. ఉంటానంటే ఉండనివ్వరు, అడ్మిషను లేదు కదా. అలా మూడు రోజులు లోవతల్లి తెచ్చిన క్యారేజీ తింటూ, పొద్దు పోక వార్డులో మంచాల నంబర్లు కొత్తగా రాస్తూ గడిపాడు.

నాలుగో రోజు మీటింగు. విశ్వపతిరావు టైపు చేయించిన కాగితం చదివాడు.

"పునఃకంప ప్రక్రియ. సదరు వ్యక్తికి కంపము తిరిగి కలిగించినచో సంతకము సరిపోలును, రోగి దొరికినట్లగును. ఇందుకై సదరు వ్యక్తి పది దినములు మద్యము సేవించి, రెండు దినములు మాని, సంతకము చేసి, వెళ్ళిపోవలెను."

"వెళ్ళిపోవడమేంటి సార్? అప్పుడు మళ్ళీ ప్రాణాపాయమే. అంతకంటే కాస్త విషమిస్తే తొందరగా అయిపోతుంది కదా" అంది డాక్టర్ హిమజ, పళ్ళ బిగువున.

విశ్వపతిరావు ఆ ప్రతిపాదనను కూడా సీరియస్‌గానే పరిశీలించాడు. "విషమునకు వేరే రిజిస్టరు ఉన్నదమ్మా."

కుమారస్వామి కళ్ళజోడు తుడుచుకుని, చూశాను అని మాత్రం రాసి సంతకం చేశాడు.

మధ్యాహ్నం అటెండరు ట్రేలో ఒక క్వార్టరు సీసా తెచ్చి పన్నెండో మంచం పక్కన పెట్టాడు. సీసాకు లక్క సీలు, దానికొక చీటీ. అప్పుడే క్యారేజీతో వచ్చిన లోవతల్లి గుమ్మంలోంచి సీసాను చూసి, క్యారేజీ పక్కన పెట్టుకుని నేలమీద కూలబడింది.

సువార్తమ్మ సీసా తీసి అవతల పారేద్దామని చెయ్యి చాపి ఆగిపోయింది. తను పారేస్తే ఈ ఒక్క సీసా పోతుంది. ఊళ్ళో ఇంకెన్ని లేవు. ఆరు రోజులు గంటగంటకీ మార్కులేసి, తడిగుడ్డతో మొహం తుడిచి, మోకాలు వాచేదాకా కాపాడిన చెయ్యి అది.

తాతాజీ సీసాకేసి చూశాడు.

"అబద్ధం చెప్పనండి సిస్టరుగారూ. కావాలనే ఉందండి" అన్నాడు.

ఆయన సీసా మీదనుంచి కళ్ళు తిప్పి విశ్వపతిరావును చూశాడు. "అయ్యా, ఆ నమూనా ఒకసారి చూపిస్తారాండి? చూడకూడదని రూలేమైనా ఉందా?"

విశ్వపతిరావు పద్నాలుగు పేజీలూ తిప్పాడు. అలాంటి రూలు లేదు.

తాతాజీ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, కొత్త బోర్డు చేయించుకోవడానికొచ్చిన షావుకారు తెచ్చిన మచ్చును చూసినట్టు చూశాడు. ఒక కన్ను మూసి కొలిచాడు. "రెండో అక్షరం దగ్గర గీత మూడుసార్లు తుళ్ళింది, మూడోది కాస్త పెద్దది. చివర తోక కిందికి జారి మళ్ళీ పైకెగిరింది" అని తనలో తాను అనుకున్నాడు. పెన్నందుకుని డిశ్చార్జి రిజిస్టరు మీదికి వంగాడు. తుళ్ళింతకొక తుళ్ళింత, జారుడుకొక జారుడు, తాపీగా, ఊపిరి బిగబట్టి దించాడు. సంతకం పెట్టడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఈసారి మంచం కోడును ఎవరూ ముట్టుకోలేదు.

విశ్వపతిరావు భూతద్దం ఒకసారి నమూనా మీదికి, ఒకసారి రిజిస్టరు మీదికి తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఆయన మొహంలో నిజమైన ఆనందం కనిపించింది, పోయిన బిడ్డ దొరికినవాడిలాగా.

"ఇతడే అతడు. నా సర్వీసులో ఇంత చక్కగా సరిపోలిన సంతకము చూడలేదు." అన్నాడు. రిజిస్టరులో ఇలా రాశాడు. 'రోగి లభ్యమైనాడు. కంపము యథాతథము. చికిత్స వలన మార్పు లేదు. డిశ్చార్జి.'

డాక్టర్ హిమజ ఏదో అనబోతే సువార్తమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. తర్వాత సీసా సీలు విప్పి, వార్డు చివర తొట్లో బోర్లించి, పంపు తిప్పింది.

గేటు దాకా తనే సాగనంపింది. "వంకర గీతలు అంత అచ్చుగుద్దినట్టు ఎలా దించేశావయ్యా?" అనడిగింది.

"తిన్నగా గియ్యడం ఎవడైనా గీస్తాడండి. వంకరని వంకరగా దించాలంటేనే చెయ్యి బాగా నిలవాలండి."

"నిలబెట్టుకో మరి. ఈ గేటు దాటాక నిన్నెవడూ సంతకం అడగడు. అదే భయం నాకు. నెలనెలా వచ్చి కనపడు."

"ఆయ్, వస్తానండి. ఆ సంతకాల పెద్దాయన గదికి బోర్డు రాయమని ఆఫీసువాళ్ళు అన్నారు కూడానండి" అన్నాడు తాతాజీ.

పోయినవాడు మొదటి నెల వచ్చాడు. రెండో నెల రాలేదు. సువార్తమ్మ ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ వారం రోజులూ ఆటో ఆగిన చప్పుడైతే చాలు గుమ్మంలోకొచ్చి చూసేది.

ఒకరోజు డ్యూటీకొచ్చేసరికి వరండాలో పెయింటు వాసన. పరిశీలనాధికారి గుమ్మం మీద కొత్త బోర్డు తళతళలాడుతోంది. 'సంతకాల పరిశీలన గది'. ఆమె కళ్ళజోడు సవరించుకుని, అక్షరాల అడుగున ఆ చివరనుంచి ఈ చివరిదాకా చూపు పోనిచ్చింది. దారం కట్టి లాగినట్టుంది. ఒక్కచోట కూడా తొణకలేదు. స్కోరు సున్నా అనుకుంది. కళ్ళు చెమర్చాయి, పెయింటు వాసనవల్ల అని చెప్పుకోవచ్చు గానీ, కాదు. ఆనందమే.

స్టూలెక్కి విశ్వపతిరావు మూలన ఉన్న 'తాతాజీ ఆర్ట్స్' అన్న సంతకం మీద భూతద్దం పెట్టి నిలబడి ఉన్నాడు.

"సిస్టర్, దీనిని వ్రాసినది ఎవరు?"

"తాతాజీయేనండి."

"ఫైలు ప్రకారము అతని చెయ్యి వణుకుచుండవలెను."

"మరైతే ఈ బోర్డు ఎవరూ రాయలేదేమోనండి."

విశ్వపతిరావు చాలాసేపు ఆ అక్షరాలను చూశాడు. భూతద్దం తీసేసి, వట్టి కళ్ళతో కూడా చూశాడు. తర్వాత నెమ్మదిగా స్టూలు దిగాడు.

"మా యింటి గేటునకు నా పేరు వ్రాయించవలెనని యున్నది. వ్రాయునా?"

"రాస్తాడండి. ఎలా రాయమంటారు? ఫైల్లో ఉన్నట్టు వణుకుతోనా, వణుకు లేకుండానా?"

ఆయన వరండాకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"లేకుండానే రాయమనమ్మా" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.